నలభై ఒక్క పిడికెళ్ళు

మైసూరు,
6 జూలై 2025

అమ్మకు,

ఆదివారం ఫోను హెప్సీ వంతు, కాగితం మన ఇద్దరి వంతు అని నువ్వు పెట్టిన నియమం నేను తప్పడం లేదు. హెప్సీకి పచ్చకామెర్లు తగ్గుముఖం పట్టాక పిల్లను నీ దగ్గర దింపి ఐదు వారాలైంది. నీ అల్లుడు సైలస్ పనిచేసే ఓడ నవంబరుకు గాని తిరిగి రాదు. ఇక్కడ ల్యాబులో నా పరీక్షలు ఆగస్టులోపు ముగియాలి. నువ్వు లేకపోతే నేనేం చేసేదాన్నో తెలియదు.

నీ సహాయం ఇంకొకటి కావాలి. నా పని సంగతి నీకు కొంత తెలుసు. కొన్ని పోషకాలు నీళ్ళలో కరగవు. ఎంత తిన్నా చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. వాటిని పట్టించే దారి వెతకడమే మా పని. మన తీరంలో పూర్వం ఏం తిన్నారో, ఎలా వండారో తెలిస్తే నాకు ఉపయోగం. నువ్వు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ ఇంట్లో వండినదంతా కొలతలతో సహా రాసిన పుస్తకాలు పెట్టెలో ఉన్నాయి కదా. 1976 నుంచి 1979 వరకు పంపగలవా? 1978ది తప్పకుండా కావాలి.

ఇంకో మాట. సందెవేళ నువ్వు ఇప్పటికీ తలుపు వేసుకుని కీర్తనలు పైకి చదువుతున్నావా? చిన్నప్పుడు ఆ గొంతుకు నాకు భయం వేసేది. అది దేవుణ్ణి స్తుతించే గొంతులా ఉండేది కాదు. ఎవరి మాటో చెవిన పడకుండా చేసుకుంటున్నట్టు ఉండేది.

నీ
వనజ


ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం,
17 జూలై 2025

వనజకు, అమ్మ రాస్తున్నది.

ముందు పిల్ల సంగతి. జూన్ 1న బరువు 16 కిలోల 200 గ్రాములు. ఈ ఉదయం 16 కిలోల 500. కళ్ళలో పసుపు చాలావరకు పోయింది, మూలల్లో కొద్దిగా ఉంది. రోజుకు ఆరు గ్లాసుల కాచిన నీళ్ళు. పథ్యం డాక్టరు చెప్పినట్టే జరుగుతోంది. ఆ విషయం నాకు వదిలెయ్యి.

పిల్లకు ఇక్కడి మాట అబ్బుతోంది. నిన్న నాతో "ఏటి అమ్మమ్మా, ఊరికే తిడతన్నావు" అంది. పక్క తోట రత్నాలమ్మ దగ్గర నేర్చుకున్న మాటలు. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పిన ఇంట్లో ఇలా మాట్లాడకూడదని చెప్పాను. రత్నాలమ్మ తన తోటలోనే నిలబడి నవ్వింది.

1976, 1977, 1979 పుస్తకాలు ఈ ఉత్తరంతో పాటు పార్సిలుగా పంపుతున్నాను. 1978 పుస్తకానికి చెద పట్టింది. పారేశాను.

నా సాయంత్రాల గురించి అడిగావు. ప్రార్థన వేళకు ప్రార్థన చేస్తాను. అందులో అడగవలసినది ఏమీ లేదు.

అమ్మ


మైసూరు,
30 జూలై 2025

అమ్మకు,

పుస్తకాలు అందాయి. పదమూడు నూలు పోగుల మందం చేప ముక్క అని రాసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మా వాళ్ళందరికీ చూపించాను. మీ అమ్మగారిని ల్యాబుకు పంపించమన్నారు.

మంచి వార్త. నా లెక్కలు వచ్చాయి. మా దగ్గర ఒక గాజు కడుపు ఉంది. మనిషి కడుపులో ఉన్నట్టే ఆమ్లం, పైత్యరసం పోసి తిండిని అందులో అరిగిస్తాం. వేడి ముప్పై ఏడు డిగ్రీలు తప్పకూడదు, వేళ దాటకూడదు. కొత్త అల్లుడికి కూడా ఇంత మర్యాద ఎవరూ చెయ్యరు.

దానికి మునగాకు తినిపించాను. ఆకుపచ్చ వెనక దాగిన పసుపు రంగు పదార్థమే ఒంట్లో విటమిన్ ఏగా మారుతుందని నువ్వే నాకు ఎనిమిదో తరగతిలో చెప్పావు. కాని అది నూనెలోనే కరుగుతుంది. పేగులో ఉన్నదంతా నీళ్ళు. నూనె లేకుండా ఉడికించిన ఆకు పెడితే, నూటికి మూడు వంతులు మాత్రమే ఒంటికి అందే రూపంలోకి వచ్చింది. చెంచాడు నూనె వేస్తే పద్నాలుగు. ఆ నూనెనే తల వెంట్రుక మందంలో మూడు వందల్లో ఒక వంతు ఉండే బొట్లుగా చిలికి, అవి మళ్ళీ కలిసిపోకుండా తినదగిన జిగురు పదార్థం కలిపి పోస్తే ముప్పై ఎనిమిది. దీన్నే ఎమల్షన్ అంటారు. పేరు పెద్దది గాని మన ఉద్దానంలో కొబ్బరిపాలు పిండే ప్రతి ఇంటికీ తెలిసినదే. నూనె, నీళ్ళు తగవు పడకుండా ఒక గిన్నెలో ఉండడం, అంతే. మేము దాన్ని ఇంకా సన్నగా, ఇంకా నమ్మకంగా చేస్తున్నాం.

నీటిలో ఉడికిన ఆకుకు మూడే అని చూసినప్పుడు కాగితం బోర్లించి లేచి బయటికి వెళ్ళాను. ఎందుకో ఇప్పుడు చెప్పను.

ఆదివారం హెప్సీ ఒక మాట అంది. సాయంత్రం పిలిస్తే అమ్మమ్మ పలకదట. ప్రార్థనలో ఉంటుందిలే అన్నాను. అంతేనా?

నీ
వనజ


ఉద్దానం,
9 ఆగస్టు 2025

వనజకు,

ఈ రెండింటికి జవాబు కావాలి. కచ్చితంగా రాయి.

నూటికి మూడు అన్నది ఒక్క చుక్క కూడా నూనె లేనప్పటి లెక్కేనా? కాలేయం దెబ్బతిని పైత్యరసం సరిగా ఊరని పిల్ల అయితే ఆ మూడు కూడా తగ్గుతుందా?

హెప్సీకి అల్లరి ఎక్కువైంది. చీకటి పడే వేళకు నీళ్ళ చెంబు తన్నేస్తుంది. చెప్పులు ఎదురుగా ఉన్నా కనబడలేదంటుంది. మొన్న గుమ్మానికి కొట్టుకుని నుదురు బొప్పి కట్టించుకుంది. పగలు మాత్రం గుండుసూదైనా ఏరుతుంది. కావాలని చేస్తోందని రెండో ఎక్కం ఐదుసార్లు రాయించాను.

అమ్మ


టెక్కలి,
14 ఆగస్టు 2025

వనజకు,

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. హెప్సీ నా పక్కనే ఇడ్లీ తింటోంది. నిన్న ఫోనులో పిల్లకు సందెవేళ చూపు ఆనడం లేదని, టెక్కలి తీసుకెళ్తానని, నీ ల్యాబు ఎమల్షన్ సీసా ఒకటి పంపమని మాత్రం చెప్పాను. నువ్వు ఇంకా ఏవో అడుగుతుంటే ఫోను పెట్టేశాను. నోటితో చెప్పలేనివి ఇవి.

మొదటిది. పిల్లకు తేలిక తిండి పెట్టమని డాక్టరు చెప్పాడు. నూనె మానమని ఎవరూ చెప్పలేదు. కామెర్ల తరువాత కాలేయానికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలని నేనే నిర్ణయించాను. జూన్ 1 నుంచి నిన్నటి వరకు, డెబ్బై నాలుగు రోజులు, హెప్సీ కంచంలో నూనె చుక్క లేదు. పాలు లేవు, గుడ్డు లేదు, కొబ్బరి లేదు, చేప లేదు. రత్నాలమ్మ ఒకసారి జీడిపప్పు కూర గిన్నెలో తెచ్చింది. గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపాను. "నూనె సుక్క కనబడితే పోలీసోళ్ళలాగ పట్టేత్తావేటి టీచరమ్మా" అంది. నీకు పథ్యం డాక్టరు చెప్పినట్టే అని రాశాను. అది అబద్ధం.

రెండోది. గోడ మీద ఫొటోలో ఉన్న మీ అక్క దయామణి జ్వరంతో పోయిందని నీకు చెప్పాను. అదీ అబద్ధం.

1978 ఏప్రిల్లో దయామణికి కామెర్లు వచ్చాయి. ఆరేళ్ళ పిల్ల. మన వైపు అందరూ మూడు వారాలు చప్పిడి పథ్యం పెట్టి ఊరుకుంటారు. నేను సైన్సు టీచరును. అందరికన్నా బాగా చెయ్యాలనుకుని ఆరు నెలలు చేశాను. సెప్టెంబరులో పిల్లకు రేచీకటి వచ్చింది. రేచీకటి అని నాకు తెలుసు. మందు ఏ ఆకులో ఉందో తెలుసు. సెప్టెంబరు 20 నుంచి రోజుకు ఒక పిడికెడు మునగాకు నీళ్ళలో ఉడికించి పెట్టాను. కాలేయం పాడవుతుందని నూనె వెయ్యలేదు. రత్నాలమ్మ అప్పుడు కొత్త పెళ్ళికూతురు, పలాసలో జీడిపిక్కలు ఒలవడానికి వెళ్ళేది. కంచె దగ్గర ఆగి ఒకరోజు "ఆ ఆకులో కూసిన్ని కొబ్బరిపాలు పొయ్యండి టీచరమ్మా" అంది. చదువు లేని మాటలు నా ఇంట్లో వద్దన్నాను. తోటలో అరవై రెండు కాపు కొబ్బరిచెట్లు ఉన్నాయి అప్పుడు.

నలభై ఒక్క రోజులు, నలభై ఒక్క పిడికెళ్ళు. నీ లెక్క ప్రకారం మణికి అందింది ఒక్క పిడికెడు, ఇంకొంచెం.

అక్టోబరు 30 సాయంత్రం అరుగు మీద లాంతరు వెలుగుతోంది. మణి దాని పక్కనే నిలబడి "అమ్మా, దీపం ఎట్టలేదేటి?" అని అడిగింది. ఇన్ని రోజులు మందు తిన్న పిల్లకు ఇంకా కనబడకపోవడం ఉండదని, పని తప్పించుకోవడానికి అంటోందని అనుకున్నాను. దండెం మీద బట్టలు తెమ్మన్నాను. తోటలో గట్టు లేని నుయ్యి ఉండేది. ఇంక రాయను.

మీ నాన్న ఆ నుయ్యి పూడ్పించారు. మరుసటి సాయంత్రం అదే వేళకు, అదే మాట నాకు వినబడింది. ఆ తరువాత ప్రతి సాయంత్రం. పలికితే మతి పోతుందని భయపడి, పలకకూడదని నియమం పెట్టుకున్నాను. తలుపు వేసుకుని కీర్తనలు పైకి చదివాను. నలభై ఏడేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. నీకు భయం వేసిన గొంతు అదే.

మూడోది ఇది. ఈ నెల మొదటి నుంచి ఆ గొంతు మామూలు కన్నా దగ్గరగా వినబడుతోంది. నేను ఇంకా గట్టిగా చదివాను. పన్నెండు సాయంత్రాలు. నిన్న తోట వైపు నుంచి వచ్చింది. చదువుతూనే ఉన్నాను. "లైటెయ్యవేటి అమ్మమ్మా" అని వినబడింది.

మన వీధికి కరెంటు వచ్చింది 1983లో. మణి ఎరిగిన ఇంట్లో లైటు లేదు. ఆమెకు నేను అమ్మమ్మను కాను.

తలుపు తీసి పరుగెత్తాను. అరుగు మీద బల్బు వెలుగుతూనే ఉంది. తిత్లీ తుఫానుకు పడిపోయిన కంచెను మనం మళ్ళీ కట్టలేదు. హెప్సీ రత్నాలమ్మ తోటలో, రెండు చేతులూ ముందుకు చాపి, కళ్ళు తెరుచుకుని నిలబడి ఉంది. ఆ తోట నూతికి ఇప్పటికీ గట్టు లేదు. పిల్లను ఎత్తుకున్నాక అడుగులు కొలిచాను. నాలుగు.

కనీసం పన్నెండు రోజులు నా మనవరాలు నన్ను పిలిచింది. చనిపోయిన పిల్ల పిలుస్తోందనుకుని నేను పలకలేదు.

ఈ ఉదయం ఢిల్లీరావు ఆటోలో వచ్చాం. నా పాత విద్యార్థి. దారిలో విషయం అడిగి తెలుసుకుని, "రేసీకటికి ఏ ఇటమిన్ అని అడిగి, సెప్పలేదని నన్ను ఎండలో నిలబెట్టినారు గదా టీచరమ్మా. ఇప్పటికీ మర్సిపోలేదు నేను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను హెప్సీని ఒళ్ళోకి తీసుకున్నాను.

డాక్టరు లోకనాథ్ పిల్లను చూశాడు. కళ్ళలో ఇంకా మచ్చ పడలేదు, సమయానికి వచ్చారన్నాడు. పైత్యరసం ఇంకా సరిగా దిగడం లేదని రక్తపరీక్షలో తేలింది. అందుకని నూనె మాత్ర కాకుండా నీళ్ళలో కలిసేలా చేసిన విటమిన్ చుక్కలు రాశాడు. మొదటి మోతాదు వేశారు. నేను చేసినదంతా ఆయనతో చెప్పాను. ఆయన వింటూనే చీటీలో మోతాదులు రాశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మ


మైసూరు,
23 ఆగస్టు 2025

అమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఫోను తీసి హెప్సీకి ఇమ్మని మాత్రం అన్నాను, గమనించే ఉంటావు. కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అదీ ఒక అబద్ధమే, మన ఇంట్లో వాటికి కొదవ లేదు.

నా వంతు అబద్ధం కూడా ఉంది. అక్క జ్వరంతో పోలేదని నాకు తెలుసు. నాన్న ఆఖరి వారంలో చెప్పారు. "మీ అక్క దీపం ముందు నిలబడి దీపం అడిగింది వనజా" అన్నారు. అంతే చెప్పగలిగారు. నూనె సంగతి ఆయనకూ తెలియదనుకుంటాను. ల్యాబులో నాకు ఇష్టమైన పోషకాన్ని ఎంచుకోమంటే విటమిన్ ఏ ఎంచుకున్నది ఆ ఒక్క మాట వల్లే. పుస్తకాలు అడిగింది ల్యాబు పని కోసం కాదు. ఆ రోజుల్లో అక్క ఏం తిన్నదో చూడాలనిపించింది. నీటిలో ఉడికిన ఆకుకు మూడు అని తేలినప్పుడు ఆమె కంచం నా కళ్ళ ముందుకు వచ్చింది. ఆ కంచంలో నూనె మాన్పించింది నువ్వేనని అప్పటికి తెలియదు.

నా ల్యాబు సీసా పంపమన్నావు. పంపను. అది తిండిలో కలపడానికి చేస్తున్నది, మందు కాదు. గాజు కడుపు దాటి ఇంకా ఏ పిల్ల కడుపూ చూడలేదు. నా కూతురితో మొదలుపెట్టను. డాక్టరు ఇచ్చిన చుక్కలే వెయ్యి, చెప్పినన్నే వెయ్యి. జరిగిన తప్పును పూడ్చాలని నీ చెయ్యి ఒక చుక్క ఎక్కువ వెయ్యబోతుంది. వద్దు. బాగా ఒంటికి పట్టేది ఎక్కువైతే అంత బాగానూ హాని చేస్తుంది.

కంచంలోకి మాత్రం కొబ్బరిపాలు రానివ్వు. డాక్టరు ఒప్పుకున్నంత, కొద్ది కొద్దిగా. గుమ్మడికాయ, మునగాకు అందులోనే ఉడికించు.

సెప్టెంబరు చివర వస్తాను. హెప్సీని నాతో తీసుకెళ్తాను. నాకు రెండు కావాలి. 1978 పుస్తకానికి చెద పట్టలేదని నాకు తెలుసు, అది. రెండోది ఒక జవాబు. ఇన్నేళ్ళలో అక్క అడిగినదానికి నువ్వు ఒక్కసారైనా పలికావా?

వనజ


ఉద్దానం,
30 అక్టోబరు 2025

వనజకు,

మీరిద్దరూ వెళ్ళి పద్దెనిమిది రోజులైంది. నువ్వు ఇక్కడ ఉన్న రోజుల్లో అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు వరసగా చెబుతాను.

హెప్సీ అడుగుల లెక్క. సాయంత్రం ఆరున్నరకు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఆగస్టు 20న గోడ తడుముకుంటూ ఐదు. ఆగస్టు 31న పంతొమ్మిది, ఒకసారి తూలింది. సెప్టెంబరు 12న కొత్త కంచె వరకు వెళ్ళి వచ్చింది. మరునాటి నుంచి కొలవడం మానేశాను. "నాను నడిసినప్పుడల్లా ఎనకాల లెక్కెట్టకు అమ్మమ్మా, సిగ్గేత్తంది" అంది. ఆ మాటను దిద్దలేదు.

చుక్కలు ఒక్కటీ ఎక్కువ వెయ్యలేదు. చెయ్యి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ నీ ఉత్తరం తీసి చదువుకున్నాను.

రత్నాలమ్మ నూతికి గట్టు కట్టించాం. మేస్త్రీ పని చేస్తుండగా ఆమెతో చెప్పాను. నలభై ఏడేళ్ళ కిందట కంచె దగ్గర నువ్వు చెప్పిందే నిజం, నేను వినలేదు, వింటే మణి బతికేది అన్నాను. ఆమెకు ఆ మాట గుర్తు కూడా లేదు. నెమ్మదిగా అంది. "నాకేటి తెలుసు టీచరమ్మా. ఉత్త ఆకు పిల్ల ఎలాగ తింటాదని, రుసికి సెప్పుంటాను." మా ఇంటి మెట్టు మీద కూర్చుని నాకన్నా ఎక్కువ ఏడ్చింది.

1978 పుస్తకం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. సెప్టెంబరు 20 నుంచి చూడు. మునగాకు ఒక పిడికెడు. నీళ్ళు అర గ్లాసు. ఉప్పు లేదు. నూనె లేదు. నలభై ఒక్కసార్లు ఒకే అక్షరాలతో రాసి ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు. ఇంత శుభ్రంగా రాసినందుకు అప్పట్లో నాకు గర్వంగా ఉండేది. నీ పనికి పనికొస్తే వాడుకో. పేరు దాచనక్కరలేదు.

ఇక నీ రెండో ప్రశ్న. లేదు. మీరు వెళ్ళేవరకు ఒక్కసారి కూడా పలకలేదు.

హెప్సీకి చూపు వచ్చాక ఆ గొంతు వినబడలేదు, పోయిందనుకున్నాను. ఇన్నేళ్ళూ వినబడింది నా మతిభ్రమేనని, దానికి ఇంతటితో తీరిపోయిందని సమాధానం చెప్పుకున్నాను. మీ రైలు వెళ్ళిన సాయంత్రం పలాస స్టేషను నుంచి తిరిగి వచ్చి తలుపు తీశాను. ఇంట్లో ఎవరూ లేరు. అరుగు మీద బల్బు వేశాను. "అమ్మా, దీపం ఎట్టలేదేటి?" అని వినబడింది. లైటు అనలేదు.

కీర్తనల పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. తెరవలేదు. అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. ఆ గొంతు వినడానికని అరుగు మీద నేను కూర్చోవడం నలభై ఏడేళ్ళలో అదే మొదలు. "ఎట్టేనమ్మా, ఎలుగుతానే ఉంది. నీకు కనబడకుండా సేసింది నేనే" అన్నాను. నేను ఎవరి నోటా రానివ్వని మాటతీరు నా నోటి నుంచే వచ్చింది. పిల్లకు అర్థమయ్యేది అదే.

మరునాడూ అడిగింది. అదే చెప్పాను. ఇప్పటికి పద్దెనిమిది సాయంత్రాలు. చెప్పిన తరువాత రెండోసారి అడగదు. నాకు మతి పోయిందని నువ్వు అనుకోవచ్చు. వంట చేసుకుంటున్నాను, ఆదివారం గుడికి వెళ్తున్నాను, హెప్సీకి కుట్టే గౌనుకు కొలతలు తప్పలేదు.

ఈ రోజు అక్టోబరు 30. ఆరు గంటల పది నిమిషాలైంది. ఇంకా అడగలేదు. అడిగే వేళకు నేను బయట ఉండాలి. ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను.

అమ్మ